జప్తులో లేని మగ్గం

మొన్న మా పై వాటాలో అద్దెకు దిగిన కుర్రజంట, గోడకు ఒక మేకు కొట్టుకోవచ్చా ఆంటీ అని అడగడానికి మెట్లు దిగి వచ్చారు. విజయవాడలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు గోడలంటే ఎంత ప్రాణమో వాళ్లకు బాగా తెలిసినట్టుంది. ఒకటేమిటి, నాలుగు కొట్టుకోండి అన్నాను. నేను మహా మంచిదాన్ననుకుని వెళ్లారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మా అన్నయ్య చల్లపల్లి దగ్గర చీరలు నేసేవాడు. నాన్న కట్టిన పెంకుటింట్లో ముందు గదంతా గుంట మగ్గమే. నేల తవ్వి గుంట తీసి, అందులోకి కాళ్లు దించి కూర్చుని, కింద కర్రలు తొక్కుతూ నేస్తారు. ఆ గదిలో ఎప్పుడూ గంజి వాసన. పనిలో ఉన్నప్పుడు వదిన ఏం చెప్పినా ఊఁ కొట్టేవాడు, గుంటలోంచి లేచాక నాకెప్పుడు చెప్పావు అనేవాడు. మా ఆయన విజయవాడలో బట్టల కొట్టు పెట్టడానికి బ్యాంకు అప్పు తీసుకుంటే, హామీ సంతకం అన్నయ్యే పెట్టాడు. అడగడానికి వెళ్లింది నేనే. ఆయన అడిగితే ఆలోచిస్తాడేమో, నేనడిగితే ఆలోచించడని నాకు తెలుసు. మా ఆయన మంచి మనిషి, అరువు అడిగిన ఏ ఒక్కరికీ లేదనలేకపోయారు. బట్టల కొట్టు మూతపడటానికి ఆ గుణం ఒక్కటి చాలు. బ్యాంకువాళ్లు కోర్టుకెళ్లారు, డిక్రీ వచ్చింది. జప్తు చెయ్యడానికి మా పేర ఏమీ లేదు. అన్నయ్యకు ఆ ఇల్లుంది.

జప్తుకు కోర్టు అమీనా వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. వెంట దండోరా వెయ్యడానికి డప్పు మనిషి. మిట్టమధ్యాహ్నం కావడంతో వదిన ఇద్దర్నీ ముందు భోజనానికి రమ్మంది. మా వైపు ఆ వేళప్పుడు ఇంటికొచ్చినవాళ్లను పస్తు పంపరు. అమీనా గారు మొహమాటపడుతూనే కూర్చున్నారు, వంకాయ కూర మారు వేయించుకున్నారు, చెయ్యి కడుక్కొచ్చి గోడకు కోర్టు కాగితం అంటించారు. వడ్డించింది నేను. అందరం ఎంత మర్యాదగా నడుచుకున్నామో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. డప్పు మోగించబోయే ముందు ఆయన అన్నయ్యకు ఊరటగా ఒక మాట చెప్పారు.

“మగ్గం జోలికి మేం రామండీ. నేసేవాళ్ల పనిముట్లు జప్తు చెయ్యకూడదని చట్టంలోనే ఉంది. మీరు నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు.”

అన్నయ్య ముందు గది వంక చూశాడు. “మగ్గం పట్టుకెళ్తానండీ. గుంటెలా పట్టుకెళ్లను?”

అమీనా గారు డప్పు మనిషికి కానివ్వమని సైగ చేశారు. ఇల్లు వేలంలో పోయింది. అద్దె ఇంటి కోసం అన్నయ్యా వదినా ఊరంతా తిరిగారు. మగ్గం అంటే సరేనన్నవాళ్లు కూడా నేల తవ్వాలనేసరికి వెనక్కి తగ్గారు. నున్నటి గచ్చు ఎవరు పాడు చేసుకుంటారు? మగ్గం ఊడదీసి వదిన పుట్టింటి అటక మీద పెట్టారు. అన్నయ్య విజయవాడ వచ్చి ఒక దుకాణంలో, ఎవరో నేసిన చీరలు మడతలు పెట్టే పనిలో చేరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని, ఏడ్చి, తేలికపడేదాన్ని.

తరువాత మా ఆయనకు ఉద్యోగం దొరికింది, మెల్లగా నిలదొక్కుకున్నాం, ఈ ఇల్లు కట్టుకున్నాం. కింద మా పక్క వాటా ఖాళీ అయినప్పుడు, గచ్చు పగలగొట్టడానికి మేస్త్రీని మాట్లాడుకుని మరీ అన్నయ్యను పిలిచాను. ఇక్కడ గుంట తీయిస్తాను, మగ్గం తెప్పించుకోమన్నాను. అన్నయ్య కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్లు కూడదీసుకుని లేచాడు. ఆ గదంతా ఒకసారి కలియతిరిగాడు.

“ఇప్పుడెందుకే అమ్మాయ్. గుంటలోకి దిగితే నన్ను మళ్లీ పైకి లాగడానికి మీ ఆయనొక్కడూ చాలడు” అని నవ్వాడు.

నవ్వకపోతే బాధపడతాడని నేనూ నవ్వాను. బ్యాంకు బాకీ ఎన్నేళ్లు ఆలస్యమైనా వడ్డీ కలిపి తీర్చుకోవచ్చు. అన్నయ్య నెయ్యకుండా గడిపేసిన ఆ ఏళ్లను నేను ఏం కలిపి తీర్చను?