పటిక ముద్ర

పదకొండేళ్లుగా ఒక ఉత్తరం నా గుండెల మీద బరువుగా ఉంది. రాసింది నేను. కింద సంతకం మాత్రం నా భార్య పేరుతో ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను గుడివాడలో తెలుగు పంతుల్ని. ఆమెది పెడన, బట్టల మీద చెక్క అచ్చులతో రంగు అద్దేవాళ్ల ఇల్లు. పెళ్లయిన మూడో ఏట, వేసవి సెలవుల్లో, పోస్టుమాన్ ఆమె పేరిట ఒక కవరు తెచ్చాడు. ఆమె పెరట్లో ఉంది. నేను విప్పాను. ఎందుకు విప్పాను? నా పేరు లేని కవరు మా ఇంటికి రావడం అదే మొదలు. బందరులోని ఒక పత్రిక సంపాదకుడు రాశాడు. మీ కవిత వచ్చే సంచికలో వేస్తున్నాం, ఆ ఎరుపు మనసులోంచి పోవడం లేదు అని.

ఏ ఎరుపు? ఆమె ట్రంకుపెట్టె వెతికాను. నోటుబుక్కు దొరికింది.

నేను ఖాళీ అని ఎవరన్నారు?
నా మీద కనబడని ముద్ర ఒకటుంది.
మరగనివ్వండి.
నా ఎరుపు నాదే.

నేను చదువుకున్న చదువులో ఎరుపంటే అనురాగం. ఒంటి మీద ముద్రంటే ప్రియుడి గోటి గుర్తు. కనబడదంటే దాచిందనే కదా! క్లాసులో పద్యం చెప్పినట్టే పదం పదం విప్పుకుంటూ పోయాను. విప్పినకొద్దీ అందులో ఒక మగవాడు కనబడ్డాడు. సంపాదకుడా? పెడనలో ఇంకెవరైనానా? ఆ పూట ఆమె పాలవాడితో మాట్లాడినా అటే చెవి పెట్టాను. సాయంత్రం కవరు సంగతి ఎత్తకుండా, నోటుబుక్కు మాత్రం ఆమె ముందు పడేశాను.

"ఈ ముద్ర ఎవరు వేశారు?"

ఆమె నవ్వింది. "ఎవరో వెయ్యడమేంటండీ? అది నేనేనండీ. బందరు పత్రికకి పంపాను. అందులో పడితే మీకు చూపిద్దామని చెప్పలేదు."

ముందే సిద్ధం చేసుకున్న జవాబులా తోచింది నాకు. మర్నాడు ఆమె చేతిరాతను చూసి చూసి దించాను. నా కవిత వేయవద్దు, ఇకపై నాకు ఉత్తరాలు రాయవద్దు అని సంపాదకుడికి రాసి, ఆమె సంతకం పెట్టి, స్వయంగా పోస్టుడబ్బాలో వేసి వచ్చాను. నా ఎరుపు నాదే అన్న మనిషి పేరును ఆమెకు తెలియకుండా వాడుకున్నాను.

ఆమె ప్రతినెలా ఆ పత్రిక తెప్పించుకుని వెతికేది. చివరికి, వాళ్లకు నచ్చలేదేమో అంది. నచ్చి ఉండదు అన్నాను. ఆమె ఆ నోటుబుక్కు మళ్లీ తెరవలేదు.

మరుసటేడు పెడన వెళ్లాం. మావగారు పరచిన గుడ్డ మీద అచ్చు కొడుతున్నారు, గుడ్డ మీద గుర్తే పడడం లేదు. రంగేదీ అని అడిగాను.

"పటికండీ అల్లుడుగారూ. ఇప్పుడు కనబడదు. ఎర్రరంగు నీళ్లలో మరిగాక, అచ్చు పడ్డ చోటల్లా ఎరుపు తేలుద్ది."

పక్కన రాగి గంగాళంలో గుడ్డలు మరుగుతున్నాయి. కర్రతో కలుపుతున్నది నా భార్యే. చిన్నప్పటినుంచీ ఆమె చేతి పని అది. కర్రతో ఒక గుడ్డ పైకెత్తింది. ఖాళీ గుడ్డ కాదది, నిండా ఎర్రటి పువ్వులు. ఆ నాలుగు పంక్తులూ మనసులో మళ్లీ చదువుకున్నాను, వాటిలో ఏ మగవాడూ లేడు.

అప్పుడే ఆమెకు చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఆమె నన్ను అసహ్యించుకుంటుందనా, నాలుగు పంక్తులు చదవడం రాని తెలుగు పంతులునని తేలిపోతుందనా? నిజం చెప్పాలంటే రెండోదే. సిగ్గుగా ఉంది, కానీ రెండోదే.

అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పుడు ఇంకో దారిన వస్తోంది. ఆమెకు తెలుసేమో! బందరు వెళ్లినప్పుడెప్పుడైనా ఆ సంపాదకుణ్ణి కలిసిందా? కొన్నేళ్లుగా ఇంటికి ఏ కవరు వచ్చినా, తన పేరిట పుట్టింటినుంచి వచ్చినా సరే, ఆమె విప్పదు. తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ముందు మీరు చూడండి" అంటుంది. ఆ గొంతులో ఏముందో ఎంత విన్నా నాకు అంతుపట్టదు.

ఇవాళ కూడా ఒకటి వచ్చింది. ఆమె పేరే ఉంది. దాని పక్కన కూర్చునే ఇదంతా రాశాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. చెప్పాను గనక కాస్త ఊపిరాడుతోంది. కవరు మాత్రం విప్పలేదు.