తాళం తిప్పగానే వెలగాల్సిన ఎర్ర లైటు

బిట్టూ, కొడుకా...

మా చిన్నప్పుడు అమీర్‌పేటలో మీ తాత కార్ల రిపేరు షెడ్డు ముందు ఏ కారు వచ్చి ఆగినా, డ్రైవరు సీట్లోకి ముందుగా ఎక్కేది నేనే. కాళ్లు కిందికి అందేవి కావు. స్టీరింగు పట్టుకుని మెడ చాచి మీటరు వైపు చూసేదాన్ని...

"తాళం సగమే తిప్పు బిడ్డా. ఇంజను స్టార్టు చెయ్యకు. ఏమేం లైట్లు వచ్చినయ్?" అని నాయన బానెట్టు దగ్గర నుంచి అరిచేవాడు.

"నూనె డబ్బా వచ్చింది నాయనా... బ్యాటరీ వచ్చింది... బ్రేకుది సుత వచ్చింది!"

"ఆఁ... ఇగ మొత్తం తిప్పు."

ఇంజను అందుకోగానే అవన్నీ ఆరిపోయేవి. ఏదైనా ఆరకుండా నిలిస్తే నాయన పని అక్కడ మొదలయ్యేది. అసలు వెలగనే వెలగని లైటు ఉంటే మాత్రం ఆయన ముఖం మారిపోయేది. "గీడ ఎవడో దీని నోరు నొక్కిండు" అంటూ మీటరు విప్పేవాడు. చూస్తే బల్బు పీకేసో, వైరు తెంపేసో ఉండేది.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కానీ ఆ బొమ్మలు నాకు అక్షరాల కన్నా బాగా వచ్చు.

నాయన మగ్గం వదిలి పట్నం వచ్చినవాడు. పోగు ఎక్కడ తెగిందో వేలితో వెతికి ముడివేసిన చేతులు... ఇంజను దగ్గరా అలాగే వెతికేవి.

ఒకసారి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. సిల్కు లాల్చీ, మెడలో గొలుసు. అతని కారులో నూనె లైటు ఆరడం లేదు.

"యాదన్నా, జర ఆ లైటు వైరు పీకెయ్. పెండ్లికి పోతున్న, చుట్టాల ముంగట నామోషీ."

"కుక్క మొరిగితే కుక్కను కొడ్తవా సేటూ, దొంగను చూస్తవా?"

"గీ ఒక్కసారికి పీకరాదే!"

"పీకుత. నువ్వు దిగి నడుసుకుంట పో మరి."

నేను కిసుక్కున నవ్వాను. నాయన కారు కిందికి దూరాడు. నూనె కారుతున్న చోటు దొరికింది. సరిచేసేసరికి పెళ్లి ముహూర్తం దాటిపోయింది. ఆ మనిషి తిట్టుకుంటూ పోయి మళ్లీ మా షెడ్డు గడప తొక్కలేదు. నాయనకు ఫికరే లేదు...

అలాంటి మనిషి కూతుర్ని నేను. అయినా ఏం చేశాను బిట్టూ?

రెండేళ్ల కింద పంజాగుట్టలో సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి నన్ను వెంట తీసుకుపోయావు. మీటరులో ఒక ఎర్ర బొమ్మ ఆరడం లేదు. సీట్లో కూర్చున్న మనిషి, అతని ముందు గుండ్రని బంతి. నేనే వేలు పెట్టి చూపించాను. "అది ఎయిర్‌బ్యాగుదమ్మా. గుద్దుకుంటే మనిషికి అడ్డం వచ్చే గాలిసంచి" అన్నావు.

అమ్మేవాడు నవ్వాడు. "వైరు లూజుంటది అక్కా. అర్ధగంటల చేపిస్త."

కారు వెనక్కి తీసుకుపోయి తెచ్చాడు. "ఇగో, లైటు పోయింది. ఇగ ఖుషీనా?"

ఖుషీ అయ్యాను...

మర్నాడు గుడి ముందు పూజ. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. నువ్వు తాళం తిప్పావు. కిటికీలోంచి తల పెడితే మీటరు కనిపించేది. నేను లైట్లు లెక్కపెట్టలేదు. వంగి నిమ్మకాయలు నాలుగూ నలిగాయా లేదా అని చూస్తున్నాను.

పోయిన వానాకాలం, పట్టపగలు, ఎర్రమంజిల్ దగ్గర అడ్డొచ్చిన బండిని తప్పించబోయి డివైడరుకు గుద్దుకున్నావు. బెల్టు పెట్టుకునే ఉన్నావు. గాలిసంచి తెరుచుకోలేదు. నువ్వు మళ్లీ ఇంటికి రాలేదు.

నాయన దగ్గర పని నేర్చుకున్న ఖాదర్ భాయ్ ఆ కారు విప్పాడు. నన్ను దూరంగా నిలబడమన్నాడు. నేను నిలబడలేదు. మీటరు లోపల ఆ ఎర్ర బొమ్మ మీద నల్ల టేపు ముక్క. స్టీరింగు మధ్య మూత తీస్తే ఖాళీ... సంచే లేదు. అంతకు ముందు ఎవరి చేతిలోనో గుద్దుకున్నప్పుడు అది పేలిపోయింది. కొత్తది వేయకుండా మూత ఒక్కటి బిగించి నీకు అంటగట్టారు.

ఆ టేపు ముక్క పట్టుకుని కారు అమ్మినవాడి దగ్గరికి పోయాను.

"సెకండ్ హ్యాండ్ బండి అక్కా, నాకేం ఎర్క? లైటు పోవాలన్నరు, పోగొట్టినం."

"లైటు పోగొట్టుమన్ననారా నేను? రోగం పోగొట్టుమన్న!"

చాయ్ తాగుతూ కూర్చున్నాడు. కప్పు కూడా కింద పెట్టలేదు వాడు.

పోలీసు ఠాణాలో ఫిర్యాదు కాగితం ఇచ్చాను. పిలిచినప్పుడల్లా పోతున్నాను, పిలవకపోయినా పోతున్నాను. పరామర్శకు వచ్చినవాళ్లు "వాని రాత గంతేనమ్మా" అంటే ఒళ్లు మండిపోతోంది. ఏ దేవుడు రాశాడు? టేపు అతికించింది మనిషి. వాడికి చేతులున్నాయి, దుకాణముంది, ఇంకా బండ్లు అమ్ముతున్నాడు!

మా చిన్నప్పుడూ దొంగలున్నారు. కానీ షెడ్డులో ఒక నాయన ఉండేవాడు... సీట్లో కూర్చుని లెక్కపెట్టే పిల్ల ఉండేది. ఇప్పుడు లైటు కనిపించకపోతే చాలు, అందరం ఖుషీ...

ఇది చదివే అన్నలూ, అక్కలూ... మీ బండి బటన్ నొక్కేదైనా తాళం తిప్పేదైనా, ఆ మనిషీ బంతీ ఉన్న బొమ్మ ముందు వెలగాలి, తర్వాత ఆరాలి. వెలగకపోతే అమ్మినవాడి గల్లా పట్టుకోండి. మీకూ ఇలాంటి మోసం జరిగి ఉంటే కింద రాయండి. తిట్లున్నా సరే, రాయండి. నేను ఒక్కొక్కటీ చదువుతాను.

పొద్దుపోయింది, పనుల్లో పడి తిండి మరిచిపోతారు... కడుపునిండా అన్నం తినండి.