పిప్పి కొట్టంలో ఇంకొకరి ఊపిరి

ఆ మధ్యాహ్నం కొట్టంలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. మాది రుద్రూర్ పక్క ఊరు. మా చెరుకు మేమే గానుగాడించి బెల్లం వండుకుంటాం. కొత్త పొయ్యిని పోయినేటి చెరుకు పిప్పితోనే ముట్టించాలి, ఆ పిప్పిని ఇంటి కోడలే తియ్యాలి. అది మా ఇంటి ఆనవాయితీ. అత్తమ్మ పోయాక ఆ పని నాకొచ్చింది. వారంగా మోస్తూనే ఉన్నాను. వానకు తడిసి అడుగున బూజు పట్టిన కుప్పను పెళ్లగిస్తుంటే, వెనక ఎవరో ఊపిరి తీసినట్టు వినిపించింది. ఎండుటాకులు నలిగినట్టు, సన్నగా. తిరిగి చూస్తే ఎవరూ లేరు. భయంతో ఊపిరి బిగబట్టాను. అదీ ఆగింది.

సాయంత్రానికి చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం. అత్తమ్మకూ ఏటా ఇదే కాలంలో ఇట్లాగే వచ్చేది. చివరికి దానితోనే పోయింది. ఎదురింటి అవ్వ మా ఆయనతో నెమ్మదిగా అన్నది:

"మీ అమ్మ యాడికి పోలేదు బిడ్డా. గా కొట్టంలనే ఉన్నది. కోడల్ని వట్టుకున్నది."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. వేల్పూర్‌లో పుట్టింటికి పోతే వారంలో తేరుకునేదాన్ని. తిరిగొచ్చి కొట్టంలో అడుగుపెడితే ఆ సాయంత్రమే మళ్లీ మొదలు. అవ్వ మాటకు ఇంక సాక్ష్యం ఏం కావాలి? తాయెత్తు కట్టించారు. తాయెత్తూ ఉంది, ఆయాసమూ ఉంది.

చివరికి నిజామాబాద్ ఆసుపత్రిలో పీఎఫ్‌టీ అని ఊపిరి పరీక్ష చేశారు. గొట్టం నోట్లో పెట్టి "ఊదమ్మా, ఇంకా, ఇంకా" అంటారు. ఊదడానికి లోపల గాలి ఉంటే కదా.

"ఊపిరితిత్తులు రబ్బరు లెక్క సాగాలె. మీయి బిగుసుకపోయినయ్" అన్నాడు డాక్టరు. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ చూసి, స్టెతస్కోప్‌ను నా వీపుకు ఆనించి నా చెవులకే పెట్టాడు. కొట్టంలో విన్న అదే చప్పుడు. అత్తమ్మ వీపుకు నూనె రాస్తుంటే నాకు వినిపించిన చప్పుడు. ఆమె నా లోపల కూర్చుని ఊపిరి తీస్తున్నట్టుంది.

"క్రాకిల్స్ అంటరు. యాడికి పోతే తగ్గుతది మీకు?"

"అమ్మగారింటికి పోతే సార్."

"ఆడ లేనిది, ఈడ ఉన్నది ఏంది?"

"పిప్పి" అన్నాడు మా ఆయన.

జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. బూజు దుమ్ము పీల్చీ పీల్చీ వచ్చింది. స్టెరాయిడ్స్‌తో మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది, ఆయాసం తగ్గింది. తగ్గింది కదా అని మరుసటి ఏడు రుమాలు కట్టుకుని మళ్లీ కుప్ప తీశాను. ఆనవాయితీ నేను తప్పితే ఇంటికి అరిష్టమని భయం. ఈసారి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

"రుమాలుకు ఆగే దుమ్ము కాదమ్మా. ఇప్పుడు ఊపిరితిత్తులల్ల మచ్చ పడ్డది. అది పోదు" అన్నాడు డాక్టరు.

మా ఆయన ఆ కుప్పను నీళ్లతో తడిపించి గుంతలో పూడ్పించాడు. మొన్న పొయ్యి పత్తికట్టెతో ముట్టించాం. అవ్వ దూరంగా కూర్చుని చూసింది. బెల్లం ఎప్పట్లాగే గట్టిపడింది.

ఇప్పుడు మెట్లు ఆగి ఆగి ఎక్కుతాను. బతికున్నందుకు సంతోషంగానే ఉంది. మీకు చెప్పేది ఒక్కటే: డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఎక్కడ ఎక్కువవుతుందో చెప్పి ఊరుకోకండి, ఎక్కడ తగ్గుతుందో కూడా చెప్పండి. పుట్టిల్లు ఉంది కాబట్టి నాకది తెలిసింది. అత్తమ్మకు అమ్మానాన్నా చిన్నప్పుడే పోయారు. పెళ్లయి వచ్చింది మొదలు ఆమె ఒక్క వారమైనా ఈ ఇల్లు దాటి ఎక్కడా ఉండలేదు.