సొన్నమ్మ గీత కిందికి పోయింది

సొన్నమ్మకు సైన్సంటే భయం లేదు. సైన్సు తప్పితే ఏమవుతుందోనన్నదే భయం. తొమ్మిదో తరగతి అప్పటికే ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే బడి మానిపించి, క్యాసంబళ్ళిలో పిన్ని ఇంటికి పట్టుపురుగులకు ఆకు వెయ్యడానికి పంపిస్తానని వాళ్ళమ్మ నరసమ్మ తేల్చి చెప్పేసింది. నాన్న మునివెంకటప్ప బంగారు గనిలో పనిచేసేవాడు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఇంటి సంగతులన్నీ ఆయన భార్యకే వదిలేశాడు.

సైన్సు పరీక్ష రోజు సుబ్బరాయప్ప మేష్టరు స్పిరిటు దీపం మీద నీళ్ళు పెట్టించి, కాసేపటికొకసారి వేడి ఎంతుందో రాసుకుని గ్రాఫు గీయమన్నాడు. సొన్నమ్మ చుక్కలు పెట్టి, స్కేలు ఆనించి, పెన్సిలు నాలుకతో తడిపి మరీ గీసింది. చూసుకుని మురిసిపోయింది కూడా.

మేష్టరు కాగితం అందుకుని ముఖం చిట్లించాడు. గీత పై మూలలో మొదలై కిందికి జారిపోతోంది.

"ఏమమ్మా, నీళ్ళు కాగబెట్టినావా, చల్లార్చినావా?"

పక్క బెంచీలో తాయమ్మ కిసుక్కున నవ్వింది. సొన్నమ్మకు కళ్ళ ముందు పిన్ని ఇంట్లో పురుగుల తట్టలే కనిపించాయి.

ఎర్ర పెన్ను మూత తీసిన మేష్టరు ఎందుకో ఆగి, అంకెలు చూశాడు. సున్నా పైన ఉంది. కిందికి పోయేకొద్దీ అంకెలు పెద్దవవుతున్నాయి. ఇట్లా గీయమని ఎవరు చెప్పారని అడిగాడు.

"ఎవురూ చెప్పలేదు సార్. గనిలో సున్నా పైనే కదా ఉండాది. మా నాయన దిగేది ఆడినుంచే. కిందికి పొయ్యేకొద్దీ లెవెలు నంబరు పెద్దదవతాది, సెగా ఎక్కువవతాది."

ఈసారి తాయమ్మ నవ్వలేదు. వాళ్ళ నాన్న కూడా ఆ గనిలోకే దిగుతాడు.

మేష్టరు మాత్రం ఉండబట్టలేక నవ్వేశాడు. ఆయనది మాస్తి పక్క రాగి చేల ఊరు. ఆయన లెక్కలో ఏది పెరిగినా పైకే పెరగాలి. గీత చివర వేలు పెట్టి, ఇక్కడ ఎందుకు అడ్డంగా సాగిందని అడిగాడు. నీళ్ళు కుతకుత తెర్లినాక ఎంత మంట పెట్టినా వేడి పెరగలేదని సొన్నమ్మ చెప్పింది.

"గ్రాఫు చదివేది వచ్చినాది నీకు. గీసేదే తలకిందులు. ఇంగో కాయితం తీసుకో, సున్నా కింద పెట్టు. ఇది గని కాదమ్మా, నీళ్ళు."

రెండోసారి గీత బుద్ధిగా పైకెక్కింది. మార్కులు కొంచెం కోసినా మేష్టరు పాసు చేశాడు.

ఇంట్లో నరసమ్మ సంగటి కెలుకుతోంది. కూతురు చెప్పిన గ్రాఫు కథ ఆమె తలకెక్కలేదు. పాసా, ఫెయిలా అని ఒకటే అడిగింది. పాసనగానే తెడ్డు వదిలేసి పీట మీద కూలబడింది.

"నిన్ను పంపిచ్చాలని నాకు మాత్రం ఉండాదా ఏమే," అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

అంతలో అడుగంటిన వాసన వచ్చింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే పొయ్యి దగ్గరికి ఉరికారు.