నాలుగో క్రాసులో పశువుల ఆసుపత్రి

ఫర్హానా పశువుల డాక్టరైందంటే పుంగనూరులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. సుభాన్ కూతురు ఇంకేమవుతుంది అన్నారు. సుభాన్ ఎద్దులకు లాడాలు కొట్టే మనిషి. సంతరోజు మోకుతాడు, సుత్తి, మేకుల డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరేవాడు. ఎద్దును పడేయడానికి ఇతరులకు నలుగురు మనుషులు కావాలి. ఆయనకు మోకూ, కొమ్ములు పట్టుకునే ఒక మనిషీ చాలు. మోకును ఒంటి చుట్టూ తిప్పి వెనక్కి లాగితే ఎంత పొగరుబోతు ఎద్దయినా నిద్రొచ్చినట్టు మెల్లగా ఒరిగేది.

పన్నెండేళ్లకే ఫర్హానా ఆ విద్య నేర్చుకుంది. తిరుపతిలో పశువైద్యం చదివేటప్పుడు ఆరుగురు మగపిల్లలు లాగినా పడని గిత్తను ఒక్క మోకుతో పడేసింది. ఏ పుస్తకంలో చదివావమ్మా అని మాస్టారు అడిగితే, “మా ఇంట్లో సార్” అంది. ఈ సంగతి సుభాన్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అప్పుడప్పుడూ ఆ మగపిల్లల లెక్కలో ఒకడు పెరిగేవాడు. ఈ మధ్య పదకొండుకు చేరారు.

చదువయ్యాక తొమ్మిదేళ్లు కుప్పంలో ఒక పాల డెయిరీకి పనిచేసింది. అక్కడ ఒక పల్లెలో రైతు తెలుగులో తిడతాడు, పక్క పల్లెలో తమిళంలో, ఆ పై పల్లెలో కన్నడంలో. ఆవు మాత్రం మూడు చోట్లా ఒకేలా తంతుంది. ఆ తన్నులన్నీ తిని, ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇక తన సొంత ఆసుపత్రి పెట్టాలనుకుంది. సుభాన్ అప్పటికే మోకాళ్లు అరిగి, మదనపల్లె చివర కొత్త లేఅవుట్లో, నాలుగో క్రాసులో కట్టుకున్న ఇంట్లో ఉంటున్నాడు. ఆ ఇంటి ముందు గదులు రెండూ ఆసుపత్రికి సరిపోతాయి.

దుకాణాల వీధిలో పెట్టుకోవచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. అలాంటి వీధిలో గదులున్న ముగ్గురిని ఆమె అడిగి చూసింది. ఒకాయన కుక్కలు మొరుగుతాయన్నాడు. ఇంకొకాయన వాసనన్నాడు. మూడో ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు గానీ ఆ గది రెండో అంతస్తులో ఉంది. గొర్రెలకు ముందు మెట్లెక్కడం నేర్పించాలన్నమాట.

అందుకని మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టింది. లేఅవుట్ నివాస ప్రాంతం కాబట్టి ఇంట్లో ఆసుపత్రి నడపాలంటే అనుమతి కావాలి. గేటుకు నోటీసు అంటించారు. అభ్యంతరాలు ఉంటే చెప్పమన్నారు. ఆ తర్వాత అధికారి వచ్చి తనిఖీ చేస్తారన్నారు. కుప్పం డెయిరీ వాళ్లు నెలాఖరులోగా ఉంటావో పోతావో తేల్చమన్నారు. అనుమతి రాకపోతే మళ్లీ అక్కడికే, అదే జీపు, అవే తన్నులు.

అభ్యంతరం వచ్చింది. నాలుగు పేజీలు, టైపు చేసి. రాసింది ఎదురింటి శివకుమార్, రిటైరైన లెక్చరరు. వాసన, ఈగలు, మొరుగుడు, ఇళ్ల విలువ పడిపోవడం, ఏదీ వదల్లేదు. కింద పదకొండు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయన పోర్టికోలో, నున్నటి టైల్స్ మీద, నడుమెత్తు పుంగనూరు ఆవు ఉండేది. దాని పేరు గౌరి. శుక్రవారం వస్తే వీధి ఆడవాళ్లంతా దాని గిట్టలకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఫోటోలు దిగి పోయేవారు.

తనిఖీ బుధవారం పది గంటలకన్నారు. సుభాన్ చేసిన పని ఆ పొద్దున గేటు తీసేదాకా ఫర్హానాకు తెలియదు.

ఆయనకు తనిఖీ అంటే సంత తనిఖీయే. అధికారి వచ్చే రోజు ఇంట్లో కట్టేసిన పశువుల్ని కూడా సంతకు తోలుకురావాలి. ఎన్ని పశువులు కనిపిస్తే సంతకు అంత పేరు, నీళ్ల తొట్టి తొందరగా మంజూరవుతుంది. ముప్పై ఏళ్లు ఆయన చూసిందదే. అందుకే పాత రైతులందరికీ ఫోన్లు చేశాడు. నాలుగో క్రాసు ఈ చివర నుంచి ఆ చివరకు ఎద్దులు, ఆవులు, మేకలు, నాలుగు గొర్రె పొట్టేళ్లు.

“అబ్బా! ఏంది ఇది?” అని తండ్రిని నిలదీసింది ఫర్హానా.

“నీ బలం, బేటీ. ఆఫీసరమ్మ లెక్కపెట్టుకోనీ. పెద్దమండ్యం నుంచి గూడా వచ్చుండారు.”

“రోజుకి ఆరు జీవాలు వస్తాయని కాయితంలో రాసిచ్చినాను నేను!”

“ఆరా?” సుభాన్ నిజంగానే నొచ్చుకున్నాడు. “యాల అంత తక్కువ రాస్తివి? నామోషీగా.”

గుర్రంకొండ నుంచి ఆటోలో మేకల్ని తెచ్చిన ఆదిలక్ష్మమ్మ ముందుకొచ్చింది. “డాక్టరమ్మా, మా మేకలకి ఏ జబ్బూ లేదు. సుభానప్ప రమ్మంటే వొస్తిమి. కావాలంటే ఆయమ్మ ఎదురుగా ఒకదాన్ని కుంటించి నడిపిస్తా, సూడు.”

శివకుమార్ మేడ మీద నిలబడి సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఆయన ముఖంలో పండగ కనిపించింది.

టౌన్ ప్లానింగ్ అధికారి నీలిమ స్కూటరు వీధి మొగలోనే ఆపాల్సి వచ్చింది. ఫైలు గుండెలకు హత్తుకుని, కొమ్ముల మధ్య నుంచి పక్కకు తిరిగి తిరిగి నడిచి వచ్చింది.

“ఇది ఇల్లా, సంతా?”

రైతులు వాళ్లంతట వాళ్లే వచ్చారనవచ్చు. తండ్రి పొరపాటనీ అనవచ్చు. ఫర్హానా ఒకసారి తండ్రి వైపు చూసింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంత పెద్దలా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పిలిచింది మేమే మేడమ్,” అంది.

శివకుమార్ అప్పటికే దిగి వచ్చాడు. “చూశారా మేడమ్! నేను రాసింది అక్షరాలా జరిగింది. నివాస ప్రాంతంలో పశువులా?”

సరిగ్గా అప్పుడే పోర్టికోలో గౌరి అరిచింది. నీలిమ అటు తిరిగింది. “మరి అది?”

“అది పశువు కాదు మేడమ్. గోమాత.”

పెద్దమండ్యం ఓబులప్ప తన ఎద్దుల మెడ మీద చెయ్యేశాడు. “అట్లయితే మావి ఆయమ్మ బిడ్డలే గదా సారూ. ఇంట్లోకి రానీండి!”

వీధంతా నవ్వింది. నీలిమ ఫైల్లోకి తల దించుకుంది. సుభాన్ నవ్వలేదు, ఆయన చూపు గౌరి కాళ్ల మీద ఉంది.

“సారూ, మీ ఆవు కుంటుతాండాది.”

“అది దాని నడక. సాధు జంతువు కదా, వినయంగా నడుస్తుంది.”

“పుంగనూరు ఆవు నడక నాకు నేర్పుతారా సారూ? ఆ గిట్టలు సూడండి. ముందుకు పెరిగి, చెప్పుల మాదిరి పైకి తిరుక్కోనుండాయి. రాయీ రప్పా మీద నడిస్తే అరిగేదప్పా గిట్ట. మీరు టైల్స్ మీద నిలబెట్టి పసుపు పూస్తాండారు.”

మూడేళ్లుగా ఎన్ని నుదుళ్లు ఆ గిట్టలకు తాకి ఉంటాయో. వాటిని చూసినవాడు ఒక్కడూ లేడు. మొక్కేవాడికి గిట్ట ఆకారంతో పనిలేదు. లాడాలు కొట్టేవాడికి ఆ ఆకారంతోనే పని.

సుభాన్ సంచిలోంచి గిట్టలు చెక్కే కత్తి తీశాడు. ఫర్హానా ఆయన మణికట్టు పట్టుకుంది.

“వద్దబ్బా. అనుమతి రాకముందు ఈ వీధిలో మనం కత్తి తియ్యం.” శివకుమార్ వైపు తిరిగింది. “సార్, మీరు పిలిస్తే మీ ఇంటికే వచ్చి చేస్తాను. దానికి మున్సిపాలిటీ అనుమతి అక్కర్లేదు. మీదుంటే చాలు.”

శివకుమార్ లోపలికి వెళ్లిపోయాడు.

“డాక్టరు గారూ, ఇప్పుడు నేనేం రాయాలి?” అంది నీలిమ.

ఫర్హానా ఓబులప్ప ఎద్దుల్ని చూసింది. గంటన్నర టెంపోలో నిలబడి వచ్చిన ఎద్దులు, ఒకటి వెనక కాలు మార్చి మార్చి వేస్తోంది. కుప్పంలో ఇలాగే ఆసుపత్రికి తోలుకొస్తూ దారిలో కూలిపోయిన ఆవుల్ని ఆమె చూసింది. సుభాన్‌ని నమ్ముకున్నవాళ్లంతా ఎద్దులవాళ్లే. అయినా చెప్పేసింది.

“పెద్ద పశువులు ఈ వీధిలోకి రావని రాయండి. కుక్కలు, పిల్లులు, కోళ్లు, చిన్న జీవాలు ఇక్కడ చూస్తాను. ఆవులూ ఎద్దులూ ఉన్న చోటికి నేనే పోతాను.”

“రాసిచ్చి సంతకం పెడతారా?”

“ఇప్పుడే పెడతాను.”

సుభాన్ ముఖం మాడిపోయింది. కానీ పని ముందుంటే అలిగి కూర్చునే మనిషి కాదు. వీధి జత ఎద్దులు తిరిగేంత వెడల్పు లేదు. ఆయన చివరి జతతో మొదలుపెట్టి, ఒక్కో జతను విడదీయించి, నాలుకతో టక్ టక్‌మంటూ వెనక్కి నడిపించాడు. కర్ర ఎత్తలేదు, గొంతు పెంచలేదు. ఒక్క పూలకుండీ పగల్లేదు, ఒక్క కారుకు గీత పడలేదు. వాటి వెనకే ఆదిలక్ష్మమ్మా మరో ఇద్దరు ఆడవాళ్లూ పేడ బుట్టలకెత్తారు. పెంటదిబ్బకు పోవాల్సిన పేడను రోడ్డు మీద వదిలేసిపోయే అలవాటు ఆ ఊళ్లలో ఎవరికీ లేదు. రెండిళ్లవాళ్లు గేట్ల దగ్గరికొచ్చి కల్లాపికి కొంచెం ఉంచమని అడిగారు. ఆ ఇద్దరూ అభ్యంతరం మీద సంతకం పెట్టినవాళ్లే.

ఇరవై నిమిషాల్లో వీధి ఖాళీ అయింది. నీలిమ ఈ చివర నుంచి ఆ చివరకు కింద చూస్తూ నడిచి, ఫైల్లో ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

ఆమె అటు వెళ్లగానే సుభాన్ ఉర్దూలో విరుచుకుపడ్డాడు. ఎద్దు రాకూడని పశువుల ఆసుపత్రి ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అన్నాడు.

“నువ్వు ఎద్దుల్ని ఇంటికి రప్పించుకున్నావా, సంత సంతకీ తిరిగినావా?” అంది ఫర్హానా.

ఆయన మోకు చుట్టి సంచిలో వేసుకున్నాడు. “అయితే నువ్వు తిరిగే బండిలో ముందు సీటు నాది,” అన్నాడు.

మర్నాడు సాయంత్రం శివకుమార్ వచ్చి పిలిచాడు. టైల్స్ మీద గోనెసంచులు పరిచి, తండ్రీ కూతుళ్లు గౌరిని మోకుతో పడుకోబెట్టారు. శివకుమార్ కొమ్ములు పట్టుకున్నాడు. ఫర్హానా గిట్టలు చెక్కింది, సుభాన్ పక్కన కూర్చుని తప్పులు పట్టాడు. లేచిన గౌరి నాలుగడుగులు తిన్నగా వేసింది. ఇలాంటి చోట అవతలి మనిషి కళ్లు తుడుచుకుని అభ్యంతరం వెనక్కి తీసుకోవాలని మనకు సరదా. శివకుమార్ తీసుకోలేదు. “ఇది వేరు, అది వేరు డాక్టరు గారూ,” అన్నాడు. ఫర్హానా తీసుకొమ్మని అడగనూ లేదు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. ఏడు షరతులతో అనుమతి మంజూరు. ఫర్హానా గేటు దగ్గరే నిలబడి చదివింది. మొదటి షరతు ఆమె సంతకం పెట్టి ఇచ్చిందే. చివర ఒక వాక్యం ఉంది: తనిఖీ సమయమున వీధిలో పశువులు గమనించబడినవి, వాటిని తొలగించిన తీరు సంతృప్తికరముగా నున్నది.

“ఇంకోసారి చదువు,” అన్నాడు సుభాన్.

చదివింది.

“తీసేసింది ఎవరో రాయలేదా?”

“రాయలేదబ్బా.”

“రాయాల్సింది.”

ఫర్హానా పెన్ను తీసి, తమ కాపీలో ఆ వాక్యం పక్కన, ‘లాడాల సుభాన్, పుంగనూరు’ అని రాసింది. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం తడుముకుంటూ చూసుకున్నాడు. ఆమె కుప్పం డెయిరీకి ఫోన్ చేసి, ఇక రానని చెప్పింది.