చిన్నమ్మ ఒప్పుకోని ముగింపు

ఈ ఉదయం పోస్టులో వచ్చిన హిందీ పత్రిక తిరగేస్తే, అందులోని మూడు కథల్లో రెండు ఆత్మహత్యతోనే ముగిశాయి. బళ్ళో ముప్పై ఏళ్ళు హిందీ చెప్పినవాణ్ణి, ఈ ముగింపు నాకు కొత్త కాదు. చూసినప్పుడల్లా మాత్రం, మరాఠీ గడ్డమీది మన తెలుగు నేతగాళ్ళ వాడ దాజీ పేట్‌లోని మా చిన్నమ్మ గుర్తొస్తుంది.

చద్దర్లు నేసే మనిషి. చిన్నాయన తన ప్రాణం తానే తీసుకున్నప్పుడు ఆమెకు ముప్పై అయిదేళ్ళుంటాయి. గుండెపోటని చెప్పమన్న పెద్దమనుషుల మాట ఆమె వినలేదు. ఆ నిజాన్ని ఎన్నడూ దాచలేదు. పేటలో ఏ సభ జరిగినా అరగంట ముందే వెళ్ళి మొదటి వరుసలో కూర్చునేది. చాయ్ అక్కడికే ముందొస్తుందట.

పదేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున మా వాచనాలయానికి ఉత్తరాది నుంచి ఒక హిందీ రచయిత వచ్చాడు. చిన్నమ్మ తన మరిదిని వెంటబెట్టుకొచ్చింది. పనిచేసే పవర్‌లూమ్ కార్ఖానా మూతపడ్డాక, నెల రోజులుగా ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. చిన్నమ్మ ఆయన్ను ఒంటరిగా వదలడం లేదు.

రచయిత చదివిన కథలో నేతగాడు ప్రాణం తీసుకుంటాడు. వాన, వెన్నెల, ఆగిన మగ్గం, రాయైపోయిన భార్య. చావుకు పెళ్ళి ముస్తాబు చేసినట్టుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మరిది మాత్రం రెప్ప వేయకుండా రచయితనే చూస్తున్నాడు. ఆ చూపు చిన్నమ్మ కంటబడింది. దిగ్గున లేచింది. హిందీ ఆమెకు అర్థమవుతుంది గానీ, మాట్లాడితే సగం మరాఠీ అయిపోతుంది. అందుకని నన్ను పిలిచింది.

“నేననేది నువ్వు హిందీల చెప్పు. సాబ్, మా ఆయన గట్లనే పోయిండు. గంత అందంగ ఏం లేకుండె. నేను రాయి కాలే. దినాలు కాంగనె మగ్గం మీద కూసున్న. ఇద్దరు పిల్లల్ని సాదిన. నాది కథ కాదా?”

కాస్త మెత్తగా మార్చి చెప్పబోయాను. “బరోబర్ చెప్పు!” అని కసిరింది.

రచయిత నొచ్చుకున్నాడు. విషాదం మనిషిని కదిలించాలి కదా అన్నాడు.

“కదిలియ్యి, నకో అంటలేను. కానీ ఒకలొచ్చి చెయ్యి పట్టుకున్నట్టు గూడ రాయి. ఈడ ఇనేటోళ్ళు ఎవలెట్లున్నరో నీకేం ఎరుక?”

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాయ్ కూడా తాగకుండా చిన్నమ్మ మమ్మల్నిద్దర్నీ తీసుకుని బయటికి నడిచింది. దారిలో మరిది నోరు విప్పాడు.

“వదినా, నాకు గూడ గట్లనే అనిపిస్తుంది.”

“ఎరుకే. నడువు, దవాఖానకు పోదాం.”

ముగ్గురం అటునుంచటే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం. మందులతో, డాక్టరు దగ్గర మాటలతో ఆయన తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు పల్లీల చట్నీలో కారం ఎక్కువైందని వదినతో రోజూ పోట్లాడతాడు.

ఈ పదేళ్ళలో ఆ ఇంట్లో విశేషమేమీ జరగలేదు. ఒకదాని వెనక ఒకటి మామూలు రోజులే గడిచాయి. కాలం మనిషికిచ్చే వాటిలో అంతకన్నా గొప్పది ఇంకేదైనా ఉందంటే నేనొప్పుకోను.