చూడని సినిమాకు ఐదు స్టార్లు

మా ఆఫీసులో ఎవరినైనా అభిప్రాయం అడిగితే, ముందు "ఎంత పెట్టమంటారు?" అని అడుగుతారు. ఏటా ఒకసారి కంపెనీ మా అందరికీ ఒక సర్వే పంపుతుంది. మీరిక్కడ ఆనందంగా ఉన్నారా, మీ మేనేజర్ మీ మాట వింటాడా, ఇలా ముప్పై ప్రశ్నలుంటాయి. ఎవరు ఏం రాశారో ఎవరికీ తెలియదని పైన పెద్ద అక్షరాలతో హామీ కూడా ఉంటుంది. మా మేనేజర్ మా సీట్ల మధ్య నిలబడి, "అన్నిటికీ ఐదు పెట్టేయండి, కామెంటు నేను గ్రూపులో పెడతానండి" అంటారు. మేం పెట్టేస్తాం. ఆ లెక్కన నేను పన్నెండేళ్ళుగా ఇక్కడ ఆనందంగా ఉన్నాను.

ట్రైనింగ్ వీడియోల సంగతీ అంతే. అగ్నిప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే గంట వీడియోని పక్క స్క్రీన్ మీద సౌండ్ ఆపేసి, రెట్టింపు వేగంతో పరిగెత్తిస్తాం. చివర్లో వచ్చే పది ప్రశ్నలకు జవాబులు ముందే గ్రూపులో ఉంటాయి. మా భవనానికి నిజంగా నిప్పంటుకుంటే మా అంతస్తులో అందరం నూటికి నూరు మార్కులతో కాలిపోతాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా టీమ్‌లో ఒకతను సినిమా తీశాడు.

అతను కోడ్ రాస్తాడు, నేను అందులో తప్పులు పడతాను. ఏడేళ్ళుగా మా బంధుత్వం ఇదే. మాది గోదావరి వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడిన కుటుంబం. అతని ఇల్లు కొండాపూర్‌లో ఈ అద్దాల మేడలు లేవక ముందు నుంచీ ఉంది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, పెళ్ళయింది, ఒక పాప. నన్ను అక్కా అంటాడు. ఎదురు చెప్పడు, చెప్పింది వినడు.

అతనిది వేరే గ్రహం నుంచి వచ్చిన భూతం మనుషుల్ని మింగే కథ. అందులో ఒక అంతరిక్ష నౌక ఉంది, అది గచ్చిబౌలి మీద కూలడం ఉంది, సగం ఊరు ఖాళీ కావడం ఉంది. అంతటి సినిమా తీసే స్తోమత అతనికి లేదు. అందుకని అంతకు ముందు ఏం జరిగిందో తీశాడు. అసలు సినిమా ఇంకా పుట్టనే లేదు, దాని పూర్వకథ మాత్రం తయారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదేనని నేను మొహం మీదే అన్నాను.

"గట్ల గాదక్కా. ఇది నచ్చితేనే అసలుది తీయనిస్తరు. ముందల జరిగిన కథ ముందలే తీస్తే తప్పేంది?" అన్నాడు.

తప్పేదో ఉందని నాకు గట్టిగా తెలుసు. అదేమిటో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

నాలుగేళ్ళు శనాదివారాలు బాలానగర్‌లో మూతబడిన ఒక కార్ఖానా షెడ్డులో తీశాడు. సోమవారం పొద్దున్న గోళ్ళలో గ్రీజుతో వచ్చి కూర్చునేవాడు. భూతాన్ని నల్ల చెత్త కవర్లతో, సైకిలు ట్యూబులతో, థర్మకోలుతో కట్టాడు. లోపల ఉన్నది అతని బామ్మర్ది. లోకాన్ని మింగడానికి వచ్చిన జీవి పొట్టి కావడానికి కారణం అదే.

చివరికి ఫోన్లలో సినిమాలు చూపించే ఒక చిన్న యాప్ వాళ్ళు దాన్ని తీసుకున్నారు. పది రోజులు జనం ఏమంటారో చూస్తాం, మాకు నమ్మకం కుదిరితే అసలు సినిమా మేమే తీయిస్తాం అన్నారు. అతనికి కావలసిందీ అదే. అది ఖాయమైతే ఉద్యోగం మానేస్తానని ఇంట్లో చెప్పి, భార్యను కూడా ఒప్పించాడు. ఆ పది రోజులూ అతను ఫోను చేతిలోంచి దించలేదు.

మొదటి మూడు రోజుల్లో ఏడుగురు అభిప్రాయాలు రాశారు. భోజనాల దగ్గర వాటిని పైకి చదివే భారం నేనే తీసుకున్నాను. "సినిమా అంతా చీకటే. మా టీవీ పాడైందనుకుని మెకానిక్‌ను పిలిచాం" అని ఒకరు రాశారు. "ఇది పూర్వకథ అయితే అసలు కథ ఏది? వెతికి వెతికి అలిసిపోయాను" అని మరొకరు. "భూతం పరిగెత్తేటప్పుడు కాలికి హవాయి చెప్పులు కనిపించాయి. ఆ గ్రహం మీద కూడా అవే దొరుకుతాయని తెలిసి ఆనందించాను" అని ఇంకొకరు. టేబులంతా పడీ పడీ నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. మిగతావి పొడుగ్గా ఉన్నాయని చదవలేదు. అతనూ నవ్వుతూనే పెరుగన్నం తిన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మేనేజర్ అతన్నేదో పని మీద కింది అంతస్తుకు పంపి, మమ్మల్ని మీటింగ్ గదిలోకి పిలిచారు. "మనవాడండి. రెండు స్టార్లు కూడా దాటలేదంటే మన టీమ్ పరువేం కావాలి? ఆయనకు తెలియకుండా సర్‌ప్రైజ్ చేద్దామండి. పక్క టీములకు కూడా చెబుతాను. అందరూ సినిమా ఆన్ చేసి వదిలేయండి, చూసినట్టు లెక్కకొస్తుంది. ఐదు పెట్టేయండి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మేడం, మీరు టెస్ట్ కేసులు బాగా రాస్తారు కదా, ఒక నమూనా రాసి పెట్టండి" అన్నారు.

పది నిమిషాల్లో రాశాను. "అద్భుతమైన సినిమా. ముఖ్యంగా 'మీకు నచ్చిన సన్నివేశం పేరు ఇక్కడ రాయండి' సన్నివేశంలో నాకు ఒళ్ళు జలదరించింది. తెలుగులో ఇలాంటి ప్రయత్నం ఇంతవరకూ రాలేదు. అందరూ కుటుంబ సమేతంగా చూడండి." మనుషుల్ని మింగే భూతాన్ని కుటుంబ సమేతంగా ఎందుకు చూడాలో నేనూ ఆలోచించలేదు. మేనేజర్ దాని కింద తన మాటొకటి చేర్చి గ్రూపులో పెట్టారు.

లంచ్ తర్వాత మొదలుపెట్టి టీ వేళకు నలభై ఒక్క మంది రాశారు. రాశారు అనడం తప్పు, అతికించారు. మధ్యలో ఉన్న ఆ సూచనను ఒక్కరంటే ఒక్కరు మార్చలేదు. మార్చాలంటే ఒక్క సన్నివేశమైనా తెలియాలి కదా! మేనేజర్ గారి అభిప్రాయం అందరికంటే పొడుగు. చివర్లో "మూడు గంటలలోపు పోస్ట్ చేసి నాకు కన్‌ఫర్మ్ చేయగలరు" అన్న వాక్యం కూడా అందులో ఉంది.

నేనూ అలాగే అతికించాను. నాలుగింటికి మా సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది, తొందరలో ఉన్నాను. ఎదుటివాడి కోడ్‌లో ఒక్క చుక్క ఎక్కువైతే తప్పు నమోదు చేసే టికెట్ తెరిచి, దానికి ఎర్ర రంగు పెట్టి, మేనేజర్‌కు కాపీ పెట్టే మనిషిని, నేను రాసిన నమూనాను నేనే సరిచూసుకోలేదు. కంచే చేను మేసింది.

మరునాడు పొద్దున్నకల్లా ఎవరో ఆ నలభై ఒక్క అభిప్రాయాలను వరసగా ఫోటో తీసి లోకం మీదికి వదిలారు. హైటెక్ సిటీలో ఎవరి ఫోనులో చూసినా అదే. లిఫ్టులో వేరే కంపెనీ పిల్లలిద్దరు, "మామా, నాకు 'నచ్చిన సన్నివేశం ఇక్కడ రాయండి' సీన్‌లో ఏడుపాగలేదురా" అని ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నేను గోడకేసి తిరిగి నిలబడ్డాను. యాప్ వాళ్ళు ముందు అభిప్రాయాలన్నీ తీసేశారు. నిజంగా రాసిన ఆ ఏడూ వాటితో పాటే పోయాయి. రెండో రోజు సినిమానే తీసేశారు. అసలు సినిమా సంగతి ఇక మాట్లాడదలుచుకోలేదని అతనికి నాలుగు వాక్యాల ఉత్తరం పంపారు.

మేనేజర్ మాత్రం తొణకలేదు. "పబ్లిసిటీ అయితే వచ్చింది కదండీ" అన్నారు.

ఆ సాయంత్రం కింద టీ బండి దగ్గర అతను ఒక్కడే కనిపించాడు. తప్పించుకుందామనుకున్నాను, కాని అప్పటికే నన్ను చూసి ఇంకో టీ చెప్పేశాడు. కోప్పడితే ఏం సమాధానం చెప్పాలో మెట్లు దిగుతూనే సిద్ధం చేసుకున్నాను. నలభై మంది తప్పు, మేనేజర్ తప్పు, చదవకుండా అతికించే ఈ తరం తప్పు. అవేవీ అవసరం రాలేదు.

"మీరు మంచికే జేసిండ్రక్కా. కానీ నాకు గా ఏడుగురు చాలుండె. రెండో దినమే యాప్ సార్ ఫోన్ జేసిండు. తిట్టేటోళ్ళు గూడ ఆఖరిదాక చూస్తుండ్రు, ఇది మంచి సంగతి, వారమైనంక కూసోని మాట్లాడుదమన్నడు. పక్కాగ అయ్యేదాక ఎవలకూ చెప్పొద్దనుకున్న."

చెప్పి ఉంటే బాగుండేదని నాలుక చివరిదాకా వచ్చింది.

అతను ఫోన్ తీసి, ఆ ఏడింటిలో ఒకదానికి తీసి పెట్టుకున్న ఫోటో చూపించాడు. నేను పొడుగ్గా ఉందని వదిలేసినవాటిలో అదొకటి. "భూతం కనిపిస్తే నవ్వొచ్చింది. కాని అది రాకముందు ఖాళీ షెడ్డులో వినిపించే చప్పుడుకు లేచి ఇంట్లో లైట్లన్నీ వేశాను. సినిమాకు రెండు స్టార్లు. ఆ చప్పుడు చేసినవాడు ఎవడోగాని వాడికి ఐదు."

"అది నేనే జేసిన. బొమ్మతోని ఎవ్వలూ భయపడరని నాకు మొదలే ఎరికే. అందుకే చప్పుడు మీదనే ఏడాది కూసున్న. మా పాప నిద్రల గుర్రు పెడతది, దాన్ని రికార్డు జేసి, సాగదీసి, షెడ్డుల రేకు మీద పడే వాన చప్పుడుల కలిపిన. ఎట్లుండె అక్కా?"

"చాలా బాగుంది తమ్ముడూ. నాకు నిజంగా భయమేసింది" అన్నాను. సర్వేలో ఐదు నొక్కినంత సులువుగా వచ్చేసింది ఆ మాట.

అతను గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మీరంత ఐదు స్టార్లు పెట్టిన దినం నేను నీ ఎనక నిలబడ్డ. నీ స్క్రీన్ మీద నా సిన్మ నడుస్తుండె, మస్తు ఖుషీ అయింది. ఆ చప్పుడు కాడ నువ్వు ఉలిక్కిపడతవా లేదా చూద్దమని జరసేపు ఆగిన. సౌండ్ బంద్ పెట్టి ఉండె అక్కా. నువ్వు నా మీద టికెట్ రాస్తుంటివి."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంతకన్నా మంచి మాట నాకు దొరకడం లేదు. అతను గ్లాసు బండి మీద పెట్టి, "పద పోదం, ఇయ్యాల మళ్ల రిలీజుంది" అని నడిచాడు.

ఇప్పుడా సినిమా అతని లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు. అడిగితే ఇస్తాడు, అలాంటివాడే. ఒక్కసారి ఆ చప్పుడు వినాలని నాకు నిజంగానే ఉంది. అడగడానికే మొహం చెల్లడం లేదు.